ఆకాశం మీదుగా తాల్‌బగీచా కబురు

సోమవారం సాయంత్రం ఆరున్నరకి విశాఖపట్నంలో హౌరా మెయిలు ఎక్కాను. సూట్‌కేసు సీటు కిందికి తోసి, ఒక అట్టపెట్టెని మాత్రం ఒళ్లో పెట్టుకున్నాను. ఎదురుగా కూర్చున్న పెద్దావిడ విజయనగరం దాకా దానివంకే చూస్తూ కూర్చుని, చివరికి ఉండబట్టలేక "ఏటమ్మా అది, కుట్టుమిసనా?" అని అడిగింది.

"రేడియోలాంటిదమ్మా. ఉపగ్రహంతో మాట్లాడుతుంది" అన్నాను.

ఆవిడ తన పూరీల పొట్లం విప్పి రెండు నాకు పెట్టింది. శ్రీకాకుళం రోడ్డు స్టేషనులో ఇద్దరం టీ తాగాం. పలాస దాటాక పై బెర్తు ఎక్కి, పెట్టెని తల దగ్గర పెట్టుకుని, దాని తాడు మణికట్టుకి చుట్టుకుని పడుకున్నాను.

అందులో ఉన్నది మోడెమ్. మాది వైజాగులో చిన్న కంపెనీ, చేపల పడవలకి రేడియోలు తయారుచేసేది. తొంభైల చివర్లో, భూమికి వెయ్యి కిలోమీటర్ల లోపే తిరిగే చిన్న ఉపగ్రహాలు కొన్ని వచ్చాయి. అవి మాటల్ని మోసుకెళ్లవు, రాతల్ని మోస్తాయి. మన నెత్తిమీదుగా పోతున్నప్పుడు మనం పంపిన నాలుగు ముక్కలు అందుకుని దాచుకుంటాయి. నేల మీద వాటికోసం కట్టిన భూకేంద్రం కనబడ్డాక అక్కడ దించేస్తాయి. అక్కడినుంచి టెలిఫోను లైను మీద మా ఆఫీసు కంప్యూటరుకి చేరతాయి. తిరుగు కబురు కూడా ఇదే దారిన వస్తుంది. పరీక్షలు చేసుకోవడానికి మాకు ఆర్నెల్ల అనుమతి దొరికింది. ఆ సంగతి ఎలాగో విని ఖరగ్‌పూర్ నుంచి ఒక బోరుబావుల కాంట్రాక్టరు ఉత్తరం రాశాడు. తన బోరు బండి సాల్, అంటే గుగ్గిలం చెట్ల, అడవుల్లోకి వెళితే పదేసి రోజులు అయిపూ అజా ఉండదనీ, ఆ బండికి మా యంత్రం బిగించగలమా అనీ. ఆఫీసులో కంప్యూటరు దగ్గర సూర్యారావు ఉండేట్టూ, ఖరగ్‌పూర్ నేను వెళ్లేట్టూ నిర్ణయమైంది. అంతకుముందు నేను ఇచ్ఛాపురం దాటి ఎరగను.

మంగళవారం పొద్దున్న ఎనిమిదిన్నరకి ఖరగ్‌పూర్‌లో దిగాను. ఆ ప్లాట్‌ఫారం పొడుగు గురించి అందరూ చెప్పేవాళ్లే కాని, ఒక చేతిలో సూట్‌కేసూ మరో చేతిలో పెట్టే పట్టుకుని నడిస్తే తప్ప తెలియదు. మధ్యలో ఆగి టీ తాగాను. మట్టి ముంతలో ఇచ్చారు. గేటు దగ్గర ఖాకీ స్వెట్టరు వేసుకున్న పెద్దమనిషి నా పెట్టె చూసి దగ్గరికొచ్చాడు. "వైజాగు నుంచి వొచ్చిన ఇంజినీరమ్మ మీరేనా? నా పేరు దాలయ్య. బొడోబాబు పంపినారు."

బొడోబాబు అంటే బోరు బండి యజమాని. బెంగాలీ ఆయన. దాలయ్యగారిది టెక్కలి పక్క ఊరు. తండ్రి రైల్వే వర్క్‌షాపులో పనికొచ్చి ఇక్కడే ఉండిపోయాడట. ఈయన కూడా ముప్పై ఏళ్లకి పైగా రైలు పెట్టెల లైట్లు, ఫ్యాన్లు, బ్యాటరీలు చూసి రిటైరై, ఇప్పుడు బోరు బండికి కరెంటు పని చేస్తున్నాడు. ప్రేమ్ బజార్‌లో విద్యార్థులకిచ్చే మేడమీది గది ఒకటి నా కోసం మాట్లాడి ఉంచారు. రిక్షాలో అక్కడ సామాను పెట్టి, స్నానం చేసి, పదకొండుకి ఖరగ్‌పూర్‌లోనే తాల్‌బగీచా అనే పేట చివర, బోరు బండి నిలిపే యార్డుకి చేరాం.

బోరు బండిని దగ్గరగా చూడడం నాకదే మొదలు. లారీ వెనక డ్రిల్లు నిలబెట్టే ఇనప స్తంభం, పక్కన పెద్ద కంప్రెసరు, ఎక్కడ చూసినా గ్రీజూ ఎర్రమట్టీ. ఈ ఇనుములో నా చెప్పులపెట్టెంత మోడెమ్‌ని ఎక్కడ పెట్టాలో అర్థంకాక చుట్టూ రెండుసార్లు తిరిగాను. ఏంటెనా క్యాబిను పైకప్పు మీద పెడదామంటే, ప్రయాణంలో స్తంభాన్ని పడుకోబెట్టేది సరిగ్గా అక్కడే. దాలయ్యగారు నా బొమ్మల కాగితాలు చూడకుండా, ఏంటెనా కమ్మీని చేతిలోకి తీసుకుని బరువు చూశాడు.

"పక్క అద్దం బిగించే బ్రాకెట్టుకి మడత బందు పెడితే? నడిసినప్పుడు పడుకుంటాది, ఆగినప్పుడు లేపి నిలబెడతాం."

మడత బందు ఆయనే చేశాడు. బండి అదురుకి మోడెమ్ లోపలి అతుకులు ఊడిపోకుండా, పాతసామాన్ల దుకాణం నుంచి మందపాటి రబ్బరు తెచ్చి పెట్టె కింద పరిచాడు. ఆ యంత్రం ఎంత కరెంటు తింటుందని అడిగాడు. ఎక్కువసేపు నిద్రపోతూనే ఉంటుందనీ, మధ్యమధ్య లేచి ఉపగ్రహం పిలుస్తోందేమోనని వింటుందనీ, పంపేటప్పుడు మాత్రం సైకిలు డైనమో దీపం కంటే కాస్త ఎక్కువ తీసుకుంటుందనీ చెప్పాను.

"ఆపాటి దానికే ఆకాసందాకా ఎల్తాదా?"

"వెళ్తుంది."

ఆయన నమ్మలేదు. చేతిలో ఉన్న తీగ చివర్లు గీస్తూ కూర్చున్నాడు.

ఆ సాయంత్రమే కృపానందాన్ని చూశాను. అతనే డ్రిల్లరు. ముప్పై ఏళ్లుంటాయి. తాతల కాలంలో భీమిలి నుంచి వచ్చి రైల్వేలో చేరిన తెలుగు క్రైస్తవ కుటుంబం వాళ్లది. యార్డులో ఒక మూల కూర్చుని డ్రిల్లు చివర రాళ్లు కొట్టే ఇనప ముక్కుకి పదును పెడుతున్నాడు. బండి గురువారం సాల్ అడవుల్లోని బెల్పహారి వైపు బయల్దేరాలనీ, అతను వెళ్లనంటున్నాడనీ దాలయ్యగారు యార్డు నుంచి వచ్చే దారిలో చెప్పాడు. ఎందుకు వెళ్లనంటున్నాడో అప్పుడు చెప్పలేదు. రాత్రి భోజనానికి నన్ను కృపానందం ఇంటికే తీసుకెళ్లాడు. అతని భార్య మార్త నెలలు నిండిన మనిషి. పీట మీద కూర్చునే చేపల పులుసు వడ్డించింది.

"తినండక్కా. ఇక్కడి సేపే గాని, పులుసు మనదే" అంది.

తిరిగొస్తుంటే దాలయ్యగారు చెప్పాడు. మూడేళ్ల కిందట మార్తకి మొదటి కాన్పు అయినప్పుడు కృపానందం ఇదే బండితో అడవిలో ఉన్నాడు. పిల్లాడు పుట్టి ఒకటిన్నర రోజు బతికాడు. కబురందుకుని కృపానందం ఇల్లు చేరేసరికి నాలుగు రోజులైంది. పిల్లాడి మొహం అతను చూడనే లేదు. "ఇప్పుడు బొడోబాబు మీ మిసను సూపించి ఎల్లమంటన్నారు. అది పన్జేస్తే ఎల్తానన్నాడు. నేకపోతే ఉద్యోగం వొదులుకుంతానన్నాడు."

అప్పటిదాకా నేను ఒక యంత్రాన్ని బిగించి పరీక్షించడానికే వచ్చాననుకున్నాను. ఆ రాత్రి ప్రేమ్ బజార్ గదిలో చాలాసేపు నిద్రపట్టలేదు.

బుధవారం పొద్దున్న ఉపగ్రహాల సమయాలు అచ్చువేసిన కాగితాన్ని క్యాబిను అద్దానికి అంటించాను. రోజుకి ఆరేడుసార్లు, ఒక్కోసారి పది పన్నెండు నిముషాలు. దాలయ్యగారు కళ్లజోడు పెట్టుకుని టైంటేబుల్ చదివినట్టే చదివాడు.

"పది నలభై. ఎటునుంచొస్తాది?"

"ఉత్తరం నుంచి దక్షిణానికి."

"అయితే డౌను బండన్నమాట. లేటవుతాదా?"

"కాదు బాబాయ్. ఒక్క నిముషం కూడా కాదు."

ఆ మాటకి ఆయన కళ్లజోడు తీసి నా మొహంలోకి చూశాడు. జన్మంతా రైళ్ల మధ్య గడిపిన మనిషికి, అంత ఎత్తున తిరిగే ఆ రైలు నిముషం కూడా ఆలస్యం కాదన్నదే అన్నిటికన్నా పెద్ద వింతగా తోచింది.

పది నలభైకి ఉపగ్రహం వచ్చింది. పచ్చదీపం వెలిగింది. పంపమని మీట నొక్కాను. దీపాలన్నీ ఆరిపోయి మోడెమ్ మళ్లీ మొదటినుంచి లేచింది. మళ్లీ నొక్కాను, మళ్లీ అంతే. పన్నెండు ఇరవైకి వచ్చినప్పుడూ అదే వరస. ఫ్యూజులు మార్చాను. ఇరవైనాలుగు వోల్టుల్ని పన్నెండుకి దించే డబ్బా మార్చాను. మీటరు పెడితే అన్నీ సరిగ్గానే ఉన్నాయి. కృపానందం దూరంగా నిలబడి కాసేపు చూసి ఇంటికి వెళ్లిపోయాడు. బొడోబాబు వచ్చి "హోబే తో, దీదీ?" అని అడిగాడు. అవుతుందా అని. అవుతుందన్నాను. నా గొంతు నాకే నచ్చలేదు.

మధ్యాహ్నం నేను వైజాగుకి ఫోను చేసి వచ్చేసరికి దాలయ్యగారు లారీ కింద పడుకుని ఉన్నాడు. నన్ను మీట నొక్కుతూ ఉండమన్నాడు. నొక్కినప్పుడల్లా ఒక్కో అతుకు మీద వేలు పెట్టి చూస్తున్నాడు. అరగంటయ్యాక లారీ కిందినుంచే మాట వినిపించింది.

"ఇక్కడ ఎచ్చగా ఉన్నాది. సూడండి."

దూరి చూశాను. బ్యాటరీ నెగటివ్ తీగ లారీ చట్రానికి కలిసేచోటు. బోల్టు గట్టిగానే ఉంది కాని దాని కింద పాత రంగూ తుప్పూ. మోడెమ్ నిద్రపోతున్నంతసేపూ ఆ కాస్త కరెంటు పారుతుంది. పంపడానికి ఒక్కసారిగా లాగేసరికి దారి చాలక వోల్టులు పడిపోతున్నాయి. ఆ తప్పు నాదే. చట్రాన్ని నమ్ముకుని తీగ అక్కడికి వేసింది నేనే. ఆయన రంగు గీకి, బ్యాటరీ నుంచి మోడెమ్ దాకా రెండు తీగలూ వేరుగా లాగాడు. "పెట్టెల్లో ఫ్యాను తిరగనేదని ఎవులైనా పిలిస్తే ముందు ఇదే సూసీవాణ్ని" అన్నాడు.

ఐదు యాభైకి చీకటి పడుతుండగా ఉపగ్రహం వచ్చింది. పచ్చదీపం. మీట నొక్కాను. దీపాలు ఆరలేదు. కొంచెంసేపటికి రెండు వరసల చిన్న తెర మీద "అందింది" అన్న గుర్తు వచ్చింది. నేను రాసింది ఒక్క వరసే: ఖరగ్‌పూర్ నుంచి, వోల్టులు సరిగా ఉన్నాయి. దాలయ్యగారు ఆకాశం వంక చూశాడు. అక్కడ ఏమీ కనబడదు. అయినా నేనూ చూశాను. ఏడున్నరకి మళ్లీ వచ్చినప్పుడు సూర్యారావు జవాబు దిగింది: కబురు చేరింది, అక్కడ చలి ఎలా ఉంది?

కృపానందం ఆ వరసని వేలితో చూపిస్తూ కూడబలుక్కుని చదివాడు. "సలి సంగతి అడిగినారు" అన్నాడు మెల్లిగా. తర్వాత నన్ను ఒక ప్రశ్న అడిగాడు. "అడివిలో సెట్లు ఉంతాయి మేడం. ఇక్కడిలాగ ఖాళీ కాదు. పన్జేస్తాదా?"

"నేను కూడా మీతో వస్తాను. పనిచేయకపోతే మిమ్మల్ని ఆపను" అన్నాను. అంతవరకూ వెళ్లాలన్న ఆలోచన నాకే లేదు.

గురువారం పొద్దున్న ఆరింటికి బయల్దేరాం. ముందు బోరు బండి, వెనక పైపుల లారీ, దాని వెనక జీపు. బయల్దేరే ముందు మార్త గుమ్మంలో నిలబడి, ఆమెకి తోడుగా ఊళ్లోనే ఉండిపోతున్న దాలయ్యగారితో ఏదో చెప్పింది. ఆయన జేబులోంచి చిన్న పుస్తకం తీసి, కబురుంటే ఫోను చేయాల్సిన సూర్యారావు ఇంటి నంబరు మళ్లీ ఒకసారి నాకు చదివి వినిపించాడు. ఎనిమిదిన్నరకి ఝార్‌గ్రామ్‌లో ఆగి ముఢీ అనే మరమరాలూ, ఆలూచాప్ అనే బంగాళాదుంప బజ్జీలూ తిన్నాం. అక్కడినుంచి మట్టి ఎర్రబడింది. రోడ్డుకి రెండువైపులా సాల్ చెట్లు, నిలువుగా, ఒకే ఎత్తున. తారు అయిపోయాక బండి నడక వేగానికి దిగింది. ఏంటెనాని మడిచి ఉంచినా కొమ్మలు తగులుతాయేమోనని తల బయటపెట్టి కాపలా కాశాను. ఒంటిగంటకి ఊరు చేరాం. ముప్పై గడపల సంతాల్ గిరిజనుల ఊరు. బడి అరుగు మీద నాకు చాప వేశారు. నీళ్ల కోసం ఆడవాళ్లు వాగులో చెలమ తవ్వుకుని, గిన్నెతో తోడుకుంటున్నారు.

సాయంత్రానికల్లా నూట నలభై అడుగులు దిగింది. ఇంజను నడుస్తున్నంతసేపూ దాని రొదలో ఉపగ్రహం గొంతు మోడెమ్‌కి వినబడదు. అందుకని సమయానికి ఇంజను ఆపాల్సిందే. ఐదు యాభైకి ఆపాం. చెట్ల మధ్యనుంచి కబురు వెళ్లింది, కాని రెండు ప్రయత్నాలు పట్టాయి. తిరిగి ఏమీ రాలేదు.

శుక్రవారం తెల్లవారుజామున ఐదింటికే కృపానందం బండి దగ్గరున్నాడు. రాయి గట్టిగా తగిలిందనీ, ఎండెక్కకముందే మొదలుపెట్టేస్తాననీ అన్నాడు. ఐదు నలభై ఎనిమిదికి ఉపగ్రహం ఉందనీ, ఆరింటిదాకా ఆగమనీ అడిగాను. అతనికి ఇష్టం లేకపోయింది. అయినా ఇంజను మెట్టు మీద కూర్చుని, చేతులు చంకల్లో పెట్టుకుని చలికి ముడుచుకున్నాడు. చుట్టూ మంచు. ఒక్క పక్షి కూడా ఇంకా లేవలేదు.

పచ్చదీపం వెలిగింది. నేనేమీ పంపకముందే తెర మీద అక్షరాలు కదిలాయి. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు. పైకి చదివాను.

"మార్తకి నొప్పులు మొదలు. ఆసుపత్రికి తీసుకెళ్లినాం. బేగి రా. దాలయ్య."

కృపానందం లేచి వచ్చి తెర ముందు నిలబడ్డాడు. "ఇంకోపాలి సదవండి" అన్నాడు. చదివాను. అతను ఆ అక్షరాల మీద చేయి వేయబోయి, చేతికి గ్రీజు ఉందని చూసుకుని వెనక్కి తీసుకున్నాడు. రెండో డ్రిల్లరు సాధుచరణ్ అనే ఒరియా పెద్దాయన, "నువ్వెళ్లు, నేను చూసుకుంటా" అని హిందీలో చెప్పి అతని చేతిలోంచి రెంచి తీసుకున్నాడు. ఆరు కాకముందే జీపు వెళ్లిపోయింది. దాని ఎర్రదీపాలు చెట్లలో కలిసేదాకా అందరం అక్కడే ఉన్నాం.

నేను క్యాబినులోనే కూర్చున్నాను. అదంతా ఎలా జరిగి ఉంటుందో నాకు తెలుసు. గురువారం రాత్రి దాలయ్యగారు తాల్‌బగీచాలో ఎస్టీడీ బూతుకి వెళ్లి ఉంటాడు. సూర్యారావు ఇంట్లో ఫోను మోగి ఉంటుంది. అతను ఆఫీసుకి పోయి ఆ నాలుగు ముక్కలు కొట్టి ఉంటాడు. అవి టెలిఫోను తీగ మీద భూకేంద్రానికి వెళ్లి, అక్కడినుంచి పైకెక్కి, భూమిని ఎన్నిసార్లు చుట్టాయో, ఏ సముద్రాల మీదుగా పోయాయో, చివరికి ఈ అడవి మీదికి వచ్చి, ఒక లారీ అద్దానికి కట్టిన కమ్మీని వెతుక్కుని దిగాయి. ప్రతి అంచె నేను లెక్క కట్టిందే. అయినా తెర మీది ఆ వరసని ఇంకోసారి చదువుకున్నాను.

ఏడు ఇరవై ఎనిమిదికి నేనొక వరస పంపాను: కృపానందం ఆరింటికి బయల్దేరాడు.

మధ్యాహ్నం పన్నెండుకి రెండు వందల పది అడుగుల దగ్గర నీళ్లు పడ్డాయి. మొదట బురద, తర్వాత తెల్లటి ధార, సాల్ చెట్ల సగం ఎత్తుకి లేచింది. పిల్లలు తడిశారు. ఒక ముసలావిడ దోసిలి పట్టి తాగి, కాసేపు కళ్లు మూసుకుని, మిగిలిన నీళ్లు మొహానికి రాసుకుంది. కృపానందం దీన్ని చూడలేదే అనిపించింది.

శనివారం పైపుల లారీలో ఝార్‌గ్రామ్ దాకా వచ్చి, అక్కడ లోకల్ రైలు పట్టుకుని పదకొండున్నరకి ఖరగ్‌పూర్‌లో దిగాను. సరాసరి ఆసుపత్రికి వెళ్లాను. వరండాలో దాలయ్యగారున్నాడు. మూడు రోజుల గడ్డంతో ఉన్నాడు. నన్ను చూడగానే ముందు ఆ కబురు సంగతే చెప్పాడు.

"తొమ్మిదింటికి మీ సూర్యారావుగారు బూతుకి ఫోన్ చేసినారమ్మా. బయల్దేరిపోయినాడన్నారు. నాను పరిగెట్టుకొచ్చి నర్సుదీదీకి సెప్పితే ఆవిడ లోపలికెల్లి మార్తకి సెప్పింది. అందాక ఆ పిల్ల ఒకటే ఏడుపు. ఆ మాటిన్నాక ఊరుకున్నాది."

"కృపానందం ఎప్పుడొచ్చాడు?"

"పదింపావుకి."

లోపల మార్త పక్కన పాప పడుకుని ఉంది. ఎర్రగా, పిడికిళ్లు బిగించి, బోలెడంత జుట్టుతో. కృపానందం మంచం పక్క స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు.

"నాను వొచ్చీసరికి ఇంకా పుట్నేదు మేడం" అన్నాడు. "బయట బల్ల మీద కూసున్నాను. పావుగంటో, ఇరవై నిముసాలో. అప్పుడు ఏడుపు ఇన్నాను. మొదటి ఏడుపు. తలుపవతల నుంచి నాను ఇన్నాను."

మార్త పాప తల మీది గుడ్డ సరిచేసి, "అక్కా, ఒకపాలి ఎత్తుకోండి" అంది. ఎత్తుకున్నాను. ఏమీ బరువు లేదు.

మూడున్నరకి తిరుగు రైలు. దాలయ్యగారు స్టేషనుకి వచ్చి సీటు దాకా సామాను మోశాడు. వద్దన్నా వినలేదు. కాళ్లకి దణ్ణం పెట్టబోతే వెనక్కి జరిగి, "సాల్లెండి. ఆ టైముల కాయితం నెలనెలా పంపండి, మరిసిపోకండి" అన్నాడు.

ఈ దారిన వెళ్లాలనుకునేవాళ్లకి నేను చెప్పగలిగేది కొంచెమే. చలికాలం వెళ్లండి, అడవిలో తెల్లవారుజాము చలి గట్టిగా ఉంటుంది, దుప్పటి మరవకండి. ఝార్‌గ్రామ్ దాటాక తిండి దొరకదు, వెంట తీసుకెళ్లండి. తెలుగు తప్ప ఇంకేం రాదని భయపడక్కర్లేదు, ఖరగ్‌పూర్‌లో తెలుగువాళ్లు మిమ్మల్ని వెతుక్కుంటూ వస్తారు.

నేను చదువుకున్న పుస్తకాల్లో ఉపగ్రహం అంటే ఎత్తు, వేగం, వాట్లు, నిముషాలు. ఆ అంకెల్లో ఒక్కటీ తప్పు కాదు. కాని ఆ అంకెలన్నీ కలిసి ఒక మనిషిని తన బిడ్డ మొదటి ఏడుపుకి పావుగంట ముందు ఆసుపత్రి బల్ల మీద కూర్చోబెట్టగలవని వాటిలో ఎక్కడా రాసి లేదు. బాలాసోర్ దాటేసరికి ఎండ పోయింది. గడియారం చూసుకున్నాను. ఐదు యాభై. కిటికీ ఊచలకి మొహం ఆనించి పైకి చూశాను. ఉత్తరం నుంచి దక్షిణానికి, మా రైలు పోయే వైపుకే, ఉపగ్రహం ఆ క్షణాన మా మీదుగా పోతోంది. ఎవరెవరి మాటలు మోసుకుపోతోందో. కంటికి ఏమీ కనబడలేదు. పొగమంచూ, దానిమీద పలచటి వెలుతురూ తప్ప. పన్నెండు నిముషాలూ అలాగే చూస్తూ ఉండిపోయాను.